చేలో చెట్లు తీయడం - పనిముట్ల ఎంపిక



రైతు సోదరులారా, సోదరీమణులారా! గట్టుకు ఇవతల ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి, గౌరిబిదనూరు, పావగడ. అవతల పలమనేరు, కుప్పం, మదనపల్లె, హిందూపురం, మడకశిర. ఇంకొంచెం దక్షిణానికి పోతే హోసూరు. ఈ ఊళ్లకు రాష్ట్రాలు వేరైనా నేల ఇంచుమించు ఒకటే, వాన ఒకటే. బీడు పడిన చేలో మొలిచే కంప కూడా ఒకటే. అందుకని ఈనాటి ప్రసంగంలో మనందరికీ పనికివచ్చే విషయం ఒకటి చెప్పుకుందాం. చేలో పెరిగిన చెట్లను తీసేసి మళ్లీ సాగులోకి తెచ్చుకోవాలంటే ఏ పనిముట్టు కొనాలి, ఏది బాడుగకు తెచ్చుకోవాలి, ఏది అసలు ముట్టుకోకూడదు అన్నదే ఆ విషయం.

మన వైపు చేలల్లో ముఖ్యంగా రెండు జాతుల చెట్లను తీయవలసి వస్తోంది. మొదటిది నీలగిరి. ఆంధ్ర వైపు కొన్నిచోట్ల దీన్నే జామాయిలు అంటారు. 1980లలో సామాజిక అడవుల పథకం వచ్చినప్పుడు కోలారు, బెంగళూరు గ్రామాంతర ప్రాంతాల్లో రాగిచేలు ఎన్నో నీలగిరి తోటలైపోయాయి. దీన్ని వద్దన్నవాళ్లు అప్పుడే ఉన్నారు. 1983లో తుమకూరు జిల్లాలో రైతులు నర్సరీలోకి వెళ్లి నీలగిరి మొక్కలు పీకి, వాటి స్థానంలో చింత, మామిడి విత్తనాలు నాటారు. 1990లలో హొసకోటె దగ్గర పరిశోధకులు కొలతలు తీశారు. లోతు నేలలో పెరిగిన నీలగిరి, కురిసిన వాననే కాక నేల అడుగున దాగిన తేమను కూడా తాగుతున్నదని ఆ కొలతల్లో తేలింది. చివరికి 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. పాత తోటలు ఉన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు వాటిని తీసేసి రాగి, వేరుసెనగ, మల్బరీ, కూరగాయల వైపు మళ్లుతున్నారు.

రెండవది సర్కారు తుమ్మ. కన్నడంలో బళ్లారి జాలి అంటారు. ఇది మన దేశపు చెట్టు కాదు. 1877లో జమైకా దేశం నుంచి వచ్చిన విత్తనాన్ని కడప జిల్లా కమలాపురంలో వేశారు. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు చెరువుల్లోకి, వంకల్లోకి, బీడుచేలలోకి పాకిపోయింది. పశువులు కాయలు తింటాయి, పేడలో విత్తనం పడుతుంది, అక్కడ మళ్లీ మొలుస్తుంది.

ఈ రెండు చెట్లకూ ఒక గుణం ఉమ్మడిగా ఉంది. కొడితే చావవు. ఈనాటి ప్రసంగానికి మూలం ఇదే. నీలగిరిని నేలమట్టంగా కోస్తే, కొన్ని వారాలకే ఆ మొద్దు చుట్టూ పదీ ఇరవై చిగుళ్లు వస్తాయి. కలప కోసం పెంచేవాళ్లకు అది లాభమే. ఒకసారి నాటి రెండు మూడు కోతలు తీసుకుంటారు. కాని మీకు కావలసింది చేను. సర్కారు తుమ్మ అయితే ఇంకా మొండిది. దాని చిగురు పుట్టే చోటు నేలలోపల, వేరు తలలో ఉంటుంది. పైన ఎన్నిసార్లు నరికినా ఒక్క మాను పోయి నాలుగు కొమ్మల పొద అవుతుంది.

అందుకని పనిముట్టును ఎంచుకునేటప్పుడు చెట్టు ఎత్తునూ మాను లావునూ మాత్రమే చూస్తే సరిపోదు. మొద్దును ఏం చేయబోతున్నారో ముందు తేల్చుకోవాలి. చెట్టు పడగొట్టడం సగం పనే. మిగతా సగం నేలలో ఉంది.

ఇప్పుడు పనిని మూడు భాగాలుగా చేసుకుందాం. ఒకటి, చెట్టును పడగొట్టడం. రెండు, మొద్దును పెళ్లగించడం. మూడు, కలపనూ కంపనూ చేను దాటించడం. ఈ మూడింటికీ ఒకే పనిముట్టు సరిపోదు. ఒకే పనిముట్టుతో మూడూ చేయబోతే డబ్బు పోతుంది, ఒక్కోసారి కాలో చెయ్యో పోతుంది.

పనిముట్టు జోలికి పోకముందు ఒక చిన్న పని ఉంది. మీ చేను ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రపు చట్టం తెలుసుకోండి. గట్టు మీద చేలున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, దాన్ని వాల్టా అంటున్నాం. సొంత పట్టా భూమిలో ఉన్న చెట్టయినా సరే, కొట్టడానికి సాధారణంగా అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. కర్ణాటకలో నీలగిరి, సరుగుడు, సుబాబుల్, సిల్వర్ ఓక్ మొదలైనవి ఆ మినహాయింపు జాబితాలో ఉన్నాయి. మరి చింత, వేప, కానుగ, మద్ది వంటివాటిని అడగకుండా ముట్టుకోవద్దు. శ్రీగంధం, ఎర్రచందనం ఉంటే గొడ్డలి దూరంగా పెట్టి అటవీశాఖ రేంజి ఆఫీసుకు పోండి. కలపను లారీకెత్తి రాష్ట్రం దాటించాలంటే రవాణా పర్మిట్ సంగతి కూడా అక్కడే అడగండి. నోటిమాట నమ్ముకుని బయలుదేరిన లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతే ఆ నష్టం మీదే.

సరే, ఇక చేలోకి దిగుదాం. మొదట కావలసిన పనిముట్లు ఒక తాడు, ఒక సుద్దముక్క. నవ్వకండి. తాడుతో మాను చుట్టుకొలత తీసి, దాన్ని మూడుతో భాగిస్తే చెట్టు లావు తెలుస్తుంది. చుట్టుకొలత 60 సెంటీమీటర్లుంటే లావు సుమారు 20 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది అంగుళాలు. మణికట్టు లావువి ఎన్ని, తొడ లావువి ఎన్ని, అంతకు మించినవి ఎన్ని, విడివిడిగా లెక్కపెట్టండి. మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంలో నాటిన నీలగిరి తోటలో ఎకరాకు సుమారు 670 చెట్లుంటాయి. రెండెకరాలైతే 1,340. ఈ అంకె చేతిలో లేకుండా ఏ మిషన్‌వాడితోనూ బేరం చేయవద్దు. ఉంచవలసిన చెట్లకు సుద్దతో గుర్తు పెట్టండి. గట్టున ఉన్న కానుగ, వేప, చింత మీ చేనుకు చుట్టాలు. వాటిని పోగొట్టుకుని నీడ కోసం మళ్లీ మొక్క నాటుకోవడం తెలివి కాదు.

ఇప్పుడు పనిముట్లు. మొదట చేతి పనిముట్ల సంగతి చూద్దాం.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు పెద్దలు. సర్కారు తుమ్మ మొక్క మోకాలెత్తున ఉన్నప్పుడు, వాన కురిసి నేల మెత్తబడిన మర్నాడు, ఒక చనిక, ఒక గడ్డపార చాలు. జానెడుకు పైన, ఒక అడుగు దాకా లోతుకు తవ్వి వేరు తలతో సహా తీసేస్తే అది మళ్లీ రాదు. పైపైన నరికితే వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగదు కదా. చిన్నప్పుడు అరపూట కూలీతో పోయే పనిని పదేళ్లు వదిలేసి, ఆ తరువాత జె.సి.బి. తెప్పించుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

పెరిగిన తుమ్మ కంపకు మచ్చుకత్తి, పొడుగు కర్రకు కట్టిన దోటి, దానితోపాటు పంగల కర్ర కావాలి. పంగల కర్ర పాతకాలపు పనిముట్టే అయినా దీనికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు. ఒక చేత్తో పంగల కర్రతో కంపను నొక్కిపట్టి, రెండో చేత్తో నరికితే ముల్లు మనిషి దాకా రాదు. నరికిన కంపను తోయడానికీ అదే. మందపు తోలు చేతొడుగులు, మడమ దాకా కప్పే గట్టి బూట్లు, కంటికి అద్దాలు తప్పనిసరి. ఈ ముల్లు టైరు చెప్పును కూడా దాటుతుంది, ట్రాక్టరు టైరును పంక్చరు చేస్తుంది. ముల్లు లోపల విరిగితే సూదితో కెలకకుండా డాక్టరుకు చూపించి, ధనుర్వాతం సూది వేయించుకోండి. కంటికి తగిలితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయవద్దు.

గొడ్డలి కొనేటప్పుడు మూడు చూడండి. తల బరువు ఒకటిన్నర కిలోల దగ్గర ఉంటే పూటంతా పనిచేసేవాడికి సరిపోతుంది. బరువు ఎక్కువైతే దెబ్బ బలంగా పడుతుందనేది నిజమే కాని, ఇరవయ్యో దెబ్బకు చెయ్యి వణుకుతుంది, గురి తప్పుతుంది. రెండవది ఉక్కు. మన ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో చేసిచ్చే గొడ్డలి చాలాసార్లు అంగడి గొడ్డలికంటే పదును నిలుపుతుంది. మూడవది కామ. కామలో నార నిలువునా, ఈ కొస నుంచి ఆ కొస దాకా పోవాలి. అడ్డనార ఉన్న కామ విరిగితే తల ఎగిరిపోతుంది. నల్లతుమ్మ కామ గట్టిది. తల వదులైతే నీళ్లలో నానబెట్టి బిగించే అలవాటు ఉంది. అది ఆరగానే మళ్లీ వదులవుతుంది. చెక్క మేకు దిగగొట్టి బిగించండి.

తొడ లావు చెట్లు ఇరవై ముప్ఫై మాత్రమే ఉంటే ఇద్దరు లాగే రంపం చాలు. పెట్రోలు ఖర్చు లేదు, చప్పుడు లేదు, పక్కనున్న మనిషి కేక వినిపిస్తుంది. కోత మధ్యలో రంపం బిగుసుకుంటే బలంగా లాగవద్దు, వెనక కోతలో చెక్క మేకు దిగగొడితే అదే వదులుతుంది. ఆకురాయి, సానరాయి జేబులో ఉండాలి. మొండి పనిముట్టు మనిషిని అలసిపోయేలా చేస్తుంది, అలసిన మనిషికే దెబ్బ తగులుతుంది.

ఇక మిషన్లు. మొదటిది బ్రష్ కట్టర్. దీనికి గడ్డి కోసే దారం వేరు, పళ్ల చక్రం వేరు. పళ్ల చక్రం వేస్తే బొటనవేలు లావు, మణికట్టు లావు పొదలను చకచకా కోస్తుంది. ఏటేటా గట్లు, బాటలు శుభ్రం చేసుకునేవాళ్లు దీన్ని కొనుక్కోవచ్చు. కాని ఇది కూడా పైపైనే కోస్తుంది, వేరును ముట్టదు. పనిచేస్తున్నప్పుడు పదిహేను మీటర్ల లోపల ఇంకో మనిషి ఉండకూడదు. రాయి తగిలితే తూటాలాగా లేస్తుంది.

రెండవది చైన్ సా. మన ఊళ్లలో కటింగ్ మిషన్ అంటారు. బెంగళూరులో ఎస్.జె.పి. రోడ్డు వెంట పోతే ఈ మిషన్లు వరుసగా వేలాడుతుంటాయి. ధర చూసి తొందరపడవద్దు. మీరు చూడవలసినవి ఇవి. పట్టీ పొడవు మీ చెట్టు లావుకంటే కొంచెం ఎక్కువ ఉంటే చాలు. ఎనిమిది పది అంగుళాల నీలగిరికి పదహారు అంగుళాల పట్టీ ధారాళంగా సరిపోతుంది. ఇరవై రెండు అంగుళాలది కొంటే బరువు మోయడం మిగులుతుంది. ముందు పిడి దగ్గర గొలుసును ఆపే బ్రేకు ఉందా, పనిచేస్తోందా అని అంగట్లోనే నడిపించి చూడండి. గొలుసు, స్పార్క్ ప్లగ్గు, ఫిల్టరు మీ తాలూకా పట్నంలో దొరుకుతాయా అని అడగండి. విడిభాగం కోసం బెంగళూరు దాకా బస్సెక్కవలసిన మిషన్ చవకైనా ప్రియమే.

పెట్రోలులో టూ-టి ఆయిలు ఎంత కలపాలో మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. యాభైకి ఒకటి అని ఉంటే లీటరుకు ఇరవై మిల్లీలీటర్లు అని అర్థం. గొలుసుకు పోసే ఆయిలు వేరు. లారీ నుంచి తీసిన మడ్డి ఆయిలు పోస్తే పట్టీ తొందరగా అరుగుతుంది. ఈమధ్య బ్యాటరీతో నడిచే చిన్న చేతి రంపాలు వస్తున్నాయి. మామిడి, జామ కొమ్మలు కత్తిరించడానికి అవి మంచివే. నిలువెత్తు చెట్టును పడగొట్టడానికి కావు.

చైన్ సా ప్రాణాలు తీయగలదు, ఈ మాట మరచిపోవద్దు. పట్టీ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఒక్కసారిగా మొహం మీదికి లేస్తుంది. అందుకే ముక్కుతో కోయకూడదు, భుజం ఎత్తుకు మించి ఎత్తకూడదు, నిచ్చెన మీద నిలబడి నడపకూడదు. హెల్మెట్, కంటి అద్దాలు, చెవులకు మూతలు, కాళ్లకు మందపు రక్షణ, గట్టి బూట్లు ఉండాలి. పంచె, తువ్వాలు, వదులు చొక్కా వేసుకుని దీన్ని ముట్టవద్దు. ఎన్నడూ పట్టనివారు పుస్తకం చదివి మొదలుపెట్టకండి. తెలిసినవాడి పక్కన పడిపోయిన దుంగల మీద కొన్ని రోజులు అలవాటు చేసుకున్నాకే నిలువు చెట్టు దగ్గరికి పోవాలి.

మరి కొనాలా, బాడుగకు తేవాలా? లెక్క చాలా తేలిక. మిషన్ ఖరీదు ఎన్ని రోజుల బాడుగకు సమానమో చూడండి. ఇరవై రోజులకు సమానం అనుకుందాం. మీ పని నాలుగు రోజులు. మరి కొని ఏం చేస్తారు? పది మంది రైతులు కలిసి కొంటే మాట వేరు, కాని దాన్ని పదును పెట్టి చూసుకునే మనిషి ఒక్కడే ఉండాలి. కర్ణాటకలో హోబళి స్థాయిలో రైతు సంపర్క కేంద్రాలున్నాయి, కృషి యంత్రధారె బాడుగ కేంద్రాలున్నాయి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలున్నాయి. ఏ మిషన్ ఉంది, ఏ మిషన్‌కు సబ్సిడీ ఉంది అని ముందక్కడ అడగండి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు జి.కె.వి.కె. ఆవరణలో ఏటా నవంబరు ప్రాంతంలో కృషి మేళా జరుపుతుంటారు. అక్కడ మిషన్లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు, చేతబట్టి బరువు తూచుకోవచ్చు. కొనదలచినవాళ్లకు అంగడికంటే ఇది మంచి చోటు.

ఇప్పుడు రెండో సగానికి వద్దాం, అంటే మొద్దు దగ్గరికి.

ఇక్కడ మన రైతులు ఎక్కువగా నష్టపోయేది ఒక విషయంలో. కలప కొనే వ్యాపారి వస్తాడు. తోటంతా గుత్తగా బేరం చేస్తాడు, లేదా టన్ను లెక్కన కొంటాడు. బరువు ఎక్కువ రావాలని చెట్టును నేలమట్టంగా కోయిస్తాడు. లారీ నింపుకుని పోతాడు. చేలో వెయ్యి మొద్దులు మీకు మిగులుతాయి. ఆ తరువాత వాటిని తీయడానికి అయ్యే ఖర్చు ఒక్కోసారి కలప మీద వచ్చిన డబ్బులో పెద్ద భాగాన్ని తినేస్తుంది. నేలమట్టంగా కోసిన మొద్దుకు గొలుసు వేయడానికి పట్టు దొరకదు. చుట్టూ తవ్వితే తప్ప కదలదు.

అదే మొద్దును నడుమెత్తున వదిలి కోస్తే, ఆ మూడడుగుల మానే మీకు మీటకర్ర అవుతుంది. దాన్ని నెట్టినా, లాగినా వేర్లు సులువుగా తెగుతాయి. చిన్న చెట్లయితే కోయకుండానే జె.సి.బి.తో నెట్టి వేళ్లతో సహా పడగొట్టి, ఆ తరువాత పడిన చెట్టును కోసుకోవచ్చు. కనుక వ్యాపారితో బేరమాడే రోజునే ఈ సంగతి తేల్చుకోండి. మొద్దులు తీసే బాధ్యత ఎవరిది? కోత ఎంత ఎత్తున? మొద్దు కలప ఎవరిది? నాలుగు మాటలు కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. బెంగళూరులో ఇళ్ల కట్టడానికి సెంట్రింగు కర్రలుగా నీలగిరికి గిరాకీ ఉంది. పొడుగ్గా, తిన్నగా ఉన్న మానులను వంటచెరకు ధరకు కలిపేయకుండా విడిగా బేరం చేయండి. సర్కారు తుమ్మకైతే బొగ్గు కాల్చేవాళ్లను అడగండి.

మొద్దులు తీయడానికి మూడు దారులున్నాయి. మొద్దులు తక్కువగా ఉంటే, గడ్డపార, చనిక, గొడ్డలితో చుట్టూ తవ్వి పక్కవేర్లు నరికి, చేత్తో తిప్పే గొలుసు కప్పీతో లాగవచ్చు. ఇది నిదానమైన పని, కాని సన్న రైతుకు, పండ్ల చెట్ల మధ్య పనికి ఇదే మేలు. పక్క చెట్టుకు దెబ్బ తగలదు.

రెండవది ట్రాక్టరు. ఇంట్లో ఉంది కదా అని చాలామంది దీనికే గొలుసు కడతారు. ఇక్కడ చాలా జాగ్రత్త. గొలుసును ట్రాక్టరు వెనక కిందిభాగంలో ఉండే లాగుడు కొక్కేనికే కట్టాలి. పైన లింకుకో, ఇరుసుకో కడితే, మొద్దు కదలనప్పుడు ముందు చక్రాలు పైకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. రెప్పపాటులో జరిగిపోతుంది, దూకడానికి సమయం ఉండదు. కుదుపుతో లాగవద్దు. గొలుసు తెగితే కొరడాలాగా కొడుతుంది కాబట్టి, దాని పొడవుకు రెట్టింపు దూరంలో ఎవ్వరూ ఉండకూడదు. ముందు చుట్టూ తవ్వి, పక్కవేర్లు కొట్టకుండా ట్రాక్టరుతో లాగించే పని పెట్టుకోవద్దు.

మూడవది జె.సి.బి. లేదా హిటాచి. వందల మొద్దులుంటే ఇదే దారి. ఇక్కడ బేరం గంట లెక్కన ఉంటుంది, కాని మీరు లెక్కించవలసింది గంటకు తీసే మొద్దులను. మొదటి గంట దగ్గరుండి లెక్కపెట్టండి. రెండెకరాల్లో 1,340 మొద్దులున్నాయి అనుకున్నాం కదా. గంటకు ఇరవై తీస్తే 67 గంటలు పడుతుంది. గంటకు ముప్ఫై తీస్తే 45 గంటల్లో అయిపోతుంది. ఇరవై రెండు గంటల బాడుగ తేడా. బాడుగ కొంచెం తక్కువని చేయి తిరగని డ్రైవరును తెచ్చుకుంటే చివరికి ఎక్కువ కట్టవలసి వస్తుంది.

జె.సి.బి. పనికి అదను ముఖ్యం. మొదటి వానలు పడి, నేల తేమగా ఉండి, చేతిలోకి తీసుకున్న మట్టి బంకగా అంటుకోకుండా పొడిపొడిగా రాలేటప్పుడు వేర్లు సులువుగా వదులుతాయి. ఎండిన నేలలో మిషన్‌కు బలం ఎక్కువ కావాలి. నేల మరీ తడిగా ఉంటే, ముఖ్యంగా బళ్లారి వైపు నల్లరేగడిలో, చక్రాల కింద నేల రాయిలా గట్టిపడుతుంది. మొద్దును లేపాక గాలిలో రెండుసార్లు విదిలించి మట్టిని గుంటలోనే రాల్చమని డ్రైవరుకు చెప్పండి. పైమట్టి మీ చేను సొత్తు. దాన్ని మొద్దులతో కలిపి గట్టున కుప్ప పోస్తే అడుగు మట్టిలో రాగి మొలవదు. మొద్దులను అదే చేలో పూడ్చవద్దు. చెదలు పడతాయి, కొన్నాళ్లకు ఆ చోటు కుంగుతుంది.

మిషన్‌కు డబ్బు లేనివారు దిగులు పడవలసిన పనిలేదు. నీలగిరి మొద్దు చుట్టూ వచ్చే చిగుళ్లను జానెడు పెరగకముందే, నెలకొకసారి తప్పకుండా తుంచుతూ రండి. ఆకు లేనిదే వేరుకు తిండి లేదు. నిలవ ఉన్న బలం అయిపోయాక మొద్దు చస్తుంది, చచ్చిన మొద్దు తవ్వడానికి సులువు. దీనికి ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు. ఆలోగా మొద్దుల మధ్య ఉలవలు చల్లుకోవచ్చు. ఇక్కడ కావలసిన పనిముట్లు ఒక కొడవలి, కాస్త ఓపిక.

శ్రోతలారా, చివరిగా ప్రాణరక్షణ గురించి నాలుగు మాటలు.

చెట్టు పడగొట్టేముందు మొదట కరెంటు తీగ చూడండి. తీగ మీద పడే అవకాశం ఏమాత్రం ఉన్నా, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా గొడ్డలి ఎత్తవద్దు. కర్ణాటకలో మన వైపు బెస్కాం, ఆంధ్రలో దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. అర్జీ ఇచ్చి ఒక రోజు ఆగడం వల్ల పోయేదేమీ లేదు.

చెట్టు ఎటు ఒరిగి ఉందో, గాలి ఎటు వీస్తోందో చూడండి. పడవలసిన వైపు ముందుగా గాటు పెట్టాలి. ఆ గాటు మాను లావులో నాలుగో వంతు దాకా ఉంటే చాలు. వెనక కోత ఆ గాటుకంటే రెండు అంగుళాలు పైన రావాలి. రెండు కోతలూ కలవకూడదు. మధ్యలో లావులో పదో వంతు కర్రను వదలాలి, అదే తలుపుకు బందులాగా చెట్టును చెప్పిన వైపు తిప్పుతుంది. మీరు తప్పుకునే దారిని కోత మొదలుకాకముందే శుభ్రం చేసుకోండి. ఆ దారి పడే వైపుకు నేరు వెనక కాకుండా ఏటవాలుగా వెనక్కి ఉండాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఇంకెవరూ ఉండకూడదు. పుల్లలేరుకునే ఆడవాళ్లు, వేడుక చూడవచ్చే పిల్లలు, మేకలు కాసేవాళ్లు, వీళ్లందరినీ దూరంగా ఉంచడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా నిలబెట్టండి. ఆ ఒక్క కూలీ దండగ కాదు.

పడబోయిన చెట్టు పక్క చెట్టు మీద ఆనుకుని ఆగితే, దాని కిందికి ఎవ్వరూ పోవద్దు, ఆనుకున్న చెట్టును కోయవద్దు. తాడో గొలుసో వేసి దూరం నుంచి లాగాలి. అంతదాకా ఆ చోట పని ఆపాలి.

కూలీలను తెచ్చే మేస్త్రీ ఎవరైనా సరే, చేను మీది. హెల్మెట్ లేదు, బూట్లు లేవు అంటే పని మొదలుపెట్టనీయవద్దు. ఒంటరిగా ఎవరినీ కోతకు పంపవద్దు. పనిచోట తాగేనీళ్లు, శుభ్రమైన గుడ్డకట్లు, ఆసుపత్రికి పోవడానికి ఒక బండి సిద్ధంగా ఉండాలి. 108 నంబరు అందరికీ తెలిసి ఉండాలి.

ఇప్పుడు చెప్పుకున్నదంతా ఒకసారి కూడగట్టుకుందాం. ముందు చట్టం, తరువాత లెక్క, ఆ తరువాతే పనిముట్టు. తరచుగా వాడేదాన్ని, అంటే గొడ్డలి, మచ్చుకత్తి, చనిక, గడ్డపార, మంచి రకం కొనండి. ఏడాదికి నాలుగు రోజులు వాడేదాన్ని, అంటే చైన్ సా, బాడుగకు తెండి. ఒక్కసారే కావలసినదాన్ని, అంటే జె.సి.బి.ని, గంటకు ఎన్ని మొద్దులో లెక్కపెట్టి పిలవండి. చెట్టు అమ్మే రోజునే మొద్దు సంగతి మాట్లాడండి. చేను శుభ్రమయ్యాక మొదటి ఏడాది పశువులను, ముఖ్యంగా సర్కారు తుమ్మ కాయలు మేసి వచ్చిన మేకలను, అందులో పడుకోబెట్టవద్దు. వానాకాలంలో పది రోజులకొకసారి చేను చుట్టి రండి. చిటికెనవేలంత తుమ్మ మొక్క కనిపిస్తే అక్కడే వంగి వేరుతో సహా లాగేయండి. దానికి ఏ పనిముట్టూ అక్కరలేదు.